ధాన్యం కట్టించిన ఇల్లు
(ముందుమాట)

కోనసీమ మండువా లోగిళ్ల మీద మన పత్రికల్లో వచ్చిన రాతలు చాలావరకు ఒకే దారిన నడిచాయి. ఉయ్యాల బల్ల, మండువాలో వానధారలు, కాగితప్పడవలు, అమ్మమ్మ కలిపి పెట్టిన ముద్దలు. ఆ జ్ఞాపకాలు నిజమైనవే, నాకూ ఇష్టమైనవే. కాని వాటిలో ఆ ఇల్లు ఎలా నిలబడిందో ఉండదు. ఎవరి చేతులు కట్టాయో ఉండదు. ఏ డబ్బుతో లేచిందో అసలే ఉండదు. ఈ పుస్తకం ఆ మూడు ప్రశ్నలూ అడిగింది. రచయిత్రి రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు విషయసూచిక చూసే ముందుమాట రాస్తానని ఒప్పుకున్నాను. పూర్తిగా చదివాక, నాలుగు మాటలతో సరిపెట్టడం భావ్యం కాదనిపించింది.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి. కాలువలు, లాకులు, తూములు నా వృత్తి, ఇళ్లు కాదు. అయినా గోదావరి డెల్టాలో ఇంటి కథను కాలువ కథ నుంచి విడదీయలేం. రచయిత్రి ఆర్కిటెక్చరు చదువుకున్న పిల్ల. తన చదువుకు తగ్గట్టు ద్వారబంధాల నగిషీతో మొదలుపెట్టి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆమె మాత్రం ధవళేశ్వరం ఆనకట్టతో మొదలుపెట్టింది. ఆ ఒక్క నిర్ణయంతోనే పుస్తకం సగం గెలిచింది.

ఆనకట్టకు ముందు 1832–33లో నందన కరువు, 1839లో కోరంగి రేవును ముంచేసిన తుఫాను. ఆ తరం గోదావరి రైతుకు ఇల్లంటే మట్టిగోడ, తాటాకు కప్పు. నది పక్కనే పారుతున్నా చేలోకి నీరు వస్తుందన్న నమ్మకం లేనివాడు, నూరేళ్లు నిలిచే గోడ ఎందుకు కడతాడు? 1847లో మొదలైన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నది పాయల మీద నిలబడింది. దాన్ని కట్టించిన కాటన్ దొరకు గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలు ఎందుకున్నాయో బయటివాళ్లు అడుగుతుంటారు. నీరు వచ్చినందుకు మాత్రమే కాదు, ఏటా వస్తుందన్న భరోసా వచ్చినందుకు. పంట మీద ఆ భరోసా కుదిరాకే రైతు మనవళ్ల కోసం ఇల్లు కట్టే ఆలోచన చేశాడు. ఇప్పుడు మనం పాత లోగిళ్లంటూ చూసి మురిసిపోయేవి చాలావరకు ఆ తర్వాతి రెండు మూడు తరాల్లో లేచినవే. వీటిని రాజులు కట్టించలేదు, ధాన్యం కట్టించింది.

కాలువ నీళ్లతోపాటు సామాను కూడా తెచ్చింది. నాడు డెల్టా కాలువలు పడవల దారులు. ఏజెన్సీ అడవుల టేకు గోదావరి మీద తెప్పలు కట్టుకుని దిగింది. కాకినాడ రేవు నుంచి కూలీలు రంగం (రంగూన్) వెళ్లిన కాలమే అది; అక్కడి బర్మా టేకు ఇక్కడి దూలాలైన కాలమూ అదే. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో యంత్రంతో పెంకులు చేయడం మొదలుపెట్టాక ఆ బల్లపరుపు పెంకు క్రమంగా దేశమంతా పాకింది. మన దగ్గర పాత కుమ్మరి గూనపెంకుల పక్కన అదీ చోటు చేసుకుంది. పై వరస చూపుకు ఖరీదైన సరుకు, లోపలి వరస ఊరి సరుకు. టేకు కొనలేని చోట ముదురు తాటిచెట్టు చేవ తీసి వాసాలు వేశారు. అవి నల్లగా, ఇనుములా ఈనాటికీ ఉన్నాయి. రచయిత్రి ఒక్కో కర్రకూ అది ఏ చెట్టుదో రాసిపెట్టింది. ఇంత ఓపిక మా రోజుల్లో కూడా అరుదు.

ఇక ఇంటి లోపలికి. లోగిలిని వర్ణించేవాళ్లంతా వీధి అరుగు మీద నుంచి అడుగు లోపల పెడతారు. ఈ పుస్తకం పెరటి వైపు నుంచి, పశువుల సావిడిలోంచి లోపలికి వెళ్లింది. ఆ వరస చదివినప్పుడే నాకు ఈ ఇంటి తర్కం స్పష్టంగా అర్థమైంది. సావిడి, దాని పక్కన గడ్డివామి, నూర్చిన ధాన్యం ఆరడానికి పెరటి మెరక, ధాన్యం నిల్వకు పురి కట్టే చోటు, ఆ తర్వాత గాదెలున్న గది, అక్కడి నుంచి రోలూ తిరగలీ ఉన్న వెనక వసారా, వంటిల్లు. బండి దిగిన ధాన్యం విస్తట్లో అన్నమయ్యేదాకా నడిచే దారి అది. ఆ దారికి ఎక్కడా అడ్డం లేకుండా గదులు అమర్చారు. వీధి వైపు అరుగు, పంచపాళీ, నగిషీ తలుపు ఆ దారికి చివర తగిలించినవి. ఊరికి కనిపించే ముఖం అటువైపు. ఇల్లు బతికింది మాత్రం ఇటువైపు.

వంటింటి పక్కన దాలిగుంట గురించి ఆమె రాసిన పేజీ విడిగా చెప్పుకోవాలి. నేలలో గుంట, అందులో పిడకలు, మీద పాలకుండ. పొద్దుటి పాలు సన్నటి సెగ మీద గంటల తరబడి మరిగి, ఎర్రటి మీగడ కట్టేవి. ఆ గుంట ఎక్కడ తవ్వారు? పొగ వంటింట్లో నిలవని చోట, గాలి ఎక్కువ తగలని మూల, మజ్జిగ చిలికే కవ్వపు స్తంభానికి దగ్గరలో. నేడు వంటిల్లు ఎలా అమర్చాలో పాఠాలు చెప్పే నిపుణులు ఆ మూల ముందు కాసేపు నిలబడాలి. ఆ అమరికకు ఎవరూ పటం గీయలేదు. ఆ పని రోజూ చేసిన ఆడవాళ్లు మేస్త్రీకి చెప్పి చేయించుకున్నారు. ఈ మాట రచయిత్రి తేల్చి చెప్పింది, నేను నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటున్నాను.

ఇంటి కొలతల అధ్యాయం కొందరికి కష్టమనిపించవచ్చు, దాటేయకండి. అప్పట్లో సిద్ధాంతిగారు ఆయం కట్టనిదే పునాది తవ్వేవారు కారు. పొడవూ వెడల్పూ హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే మిగిలే శేషం ధ్వజమా, ధూమమా, సింహమా, శ్వానమా అని చూసేవారు. కొందరు తొమ్మిదితో హెచ్చవేసి భాగించేవారు, శేషం మారదు. ఒకటి, మూడు, అయిదు, ఏడు మిగిలితే మంచిది: ధ్వజ, సింహ, వృషభ, గజాయాలు. సరి సంఖ్య మిగిలితే చెడ్డది. శేషం బేసి రావాలంటే పొడవూ వెడల్పూ రెండూ బేసి సంఖ్యలే కావాలి. ఈ లోగిళ్లలో బేసి కొలతలు అంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదేనని ఆమె లెక్క వేసి చూపించింది. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. చరిత్ర రాసేవాళ్లకు మాత్రం ఇది గట్టి ఆధారం. తర్వాతి తరాలు ఎక్కడ గోడ జరిపాయో, ఎక్కడ వసారా పెంచాయో ఆ కొలత తప్పిన చోటే దొరికిపోతుంది.

నా వృత్తికి దగ్గరి విషయం మండువా కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుతాను. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలుతుంది, నాలుగు చూరుల నీళ్లూ నడిమి గుంటలో పడతాయి. నేల ఒక మూలకు వాలుగా ఉంటుంది, ఆ మూల తూము ఉంటుంది. తూము వసారా గచ్చు కిందుగా పెరట్లోకి పోయి కొబ్బరి మొక్కల పాదుల్లో తేలుతుంది. చెప్పడానికి ఇంతే. కట్టడం మాత్రం అంత తేలిక కాదు. నూరు చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్ల నీళ్లు. తుఫాను రాత్రి ఇరవై సెంటీమీటర్లు కురిస్తే ఇరవై వేల లీటర్లు, అదీ ఇంటి నడిబొడ్డులోకి. ఆ నీరంతా ఒక్క తూములోంచి పోవాలి. తూము చిన్నదైతే ధాన్యం గదిలోకి నీరు ఎక్కుతుంది. మరీ పెద్దదైతే పందికొక్కులూ పాములూ లోపలికొస్తాయి. రచయిత్రి తూము నోరు, వాలు, లోతు కొలిచి పటం గీసింది. ఆ లెక్కలు నేను మళ్లీ వేసుకుని చూశాను. ఆ మేస్త్రీలు ఎవరోగాని, మా శాఖలో ఉండి ఉంటే నేను వాళ్ల దగ్గర పని నేర్చుకునేవాణ్ణి.

ఈ కప్పుకు ప్రాణం నాలుగు మూలల్లో ఉంటుంది. రెండు వాలులు కలిసే ఆ లోయలోకే రెండు వైపుల నీళ్లూ చేరతాయి. ఆకులు అక్కడే అడ్డుపడతాయి, పెంకు అక్కడే పగులుతుంది, కింది వాసం అక్కడే ముందు నానుతుంది. వానాకాలానికి ముందు పెంకు నేసేవాళ్లను పిలిచి ఆ నాలుగు మూలలూ సరిచేయించుకున్న ఇల్లు నిలిచింది. ఒక్క ఏడు ఊరుకుంటే మరక, రెండేళ్లు ఊరుకుంటే చెద, ఆపైన దూలమే కుంగుతుంది. పడిపోయిన లోగిళ్ల ఫోటోలు పుస్తకంలో ఉన్నాయి. గమనించి చూడండి, చాలావాటిలో గోడలు నిక్షేపంగా ఉంటాయి, కప్పు మాత్రం ఒక మూల నుంచి జారి ఉంటుంది.

గోడలు అలా నిలవడానికి కారణం గానుగ సున్నం. గుండ్రటి కాలువలో రాతి చక్రం, దానికి కట్టిన ఎడ్లు, సున్నమూ ఇసుకా వెన్నలా అయ్యేదాకా తిరగడం. సముద్రం దగ్గరి ఊళ్లలో గుల్ల కాల్చిన సున్నం. పూతలోకి కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు. మా శాఖ పాత లాకులూ ఈ సున్నంతో కట్టినవే. దాని సంగతి నాకు బాగా తెలుసు. సిమెంటు గట్టిది, కాని బిగుసుకుపోతుంది. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది, నేల కొద్దిగా కదిలినా సర్దుకుంటుంది. డెల్టా మెత్తటి నేలకు కావలసింది ఆ గుణమే. పాత గోడ బీటలిచ్చిందని దాని మీద సిమెంటు పూసేవాళ్లకు ఈ అధ్యాయం చదివి వినిపించాలి. లోపలి తేమ బయటికి రాలేక గోడనే తినేస్తుంది. ఇంటి మీద ప్రేమతోనే ఇంటిని చంపుకుంటున్నారు చాలామంది.

ఇదే లోగిలి మరో ప్రాంతంలో ఇలా ఉండదు. రాయలసీమలో వాన తక్కువ, రాయి ఎక్కువ. అక్కడ మట్టి మిద్దె. తెలంగాణలో గడీలు, భవంతులు మరో కథ. ఉత్తరాంధ్ర తీరంలో గాలికి తలవంచని చుట్టిళ్లు. ఈ పోలిక పుస్తకంలో రెండు పేజీల్లో ముగిసింది. నాకు తృప్తి కలగని భాగం ఇదొక్కటే. మలి ముద్రణలో పెంచమని రచయిత్రికి చెప్పాను.

పుస్తకంలో నన్ను కదిలించిన అధ్యాయం కట్టడం గురించినది కాదు. ఎవరు ఏ గుమ్మం దాకా రావచ్చు అన్నది. వీధి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చు, పంచపాళీలోకి ఎవరు ఎక్కవచ్చు, మండువా దాటి ఎవరు పోవచ్చు అన్నదానికి రాయని చట్టం ఉండేది. పొలం దున్ని, కోసి, మోసి, పురి కట్టినవాడు పెరటి దోవనే వచ్చి పెరటి దోవనే పోయాడు. తాను నింపిన గాదె ఎంత నిండిందో లోపలికి వెళ్లి చూసే హక్కు అతనికి లేదు. అతని ఇల్లు ఊరి చివర పేటలో, తాటాకు కింద. లోగిలి ఆడవాళ్లకు వీధి అరుగు చీకటి పడ్డాకే. భర్త పోయిన మనిషికి ఏ గది ఇచ్చారో, ఆ గదికి కిటికీ ఎటువైపు ఉందో రచయిత్రి పటంలో గుర్తుపెట్టింది. పెద్ద కులాల ఇళ్ల గురించి మా తరంవాళ్లం రాసిన పుస్తకాల్లో ఈ సంగతులు రావు. మేం రాయలేదు, రాయాలని కూడా తోచలేదు. ఈ అమ్మాయి పేటకు వెళ్లి, ఒకప్పుడు ఆ లోగిళ్లలో పాలేర్లుగా చేసిన ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగింది: ‘ఇల్లు మీకు ఎక్కడి దాకా తెలుసు, తాతా?’ వాళ్లు చెప్పినదాన్ని బట్టి మరో పటం గీసింది. ఒకే ఇల్లు, రెండు పటాలు. యజమాని చెప్పిన పటంలో పది గదులు, పాలేరు చెప్పిన పటంలో సావిడి, పెరడు, నుయ్యి దగ్గర ఒక రాయి. ఈ రెండు పటాలూ ఎదురెదురు పేజీల్లో అచ్చువేశారు. ఆ పేజీ తెరిచి ఉంచి చాలాసేపు కూర్చున్నాను.

లోగిళ్లు ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నకు కూడా ఆమె తేలిక జవాబు వెతకలేదు. పిల్లలు పట్నం వెళ్లారు, అమెరికా వెళ్లారు అన్నది కొంతవరకే నిజం. మిల్లులొచ్చి దంపుడు పోయింది. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి, ఎడ్లు పోతే సావిడి ఖాళీ. ధాన్యం కళ్లంలోంచే మిల్లుకు పోతుంటే గాదె ఎందుకు? 1973 భూ పరిమితి చట్టం తర్వాత పెద్ద కమతాలు కాగితాల మీదనైనా విడిపోయాయి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ సమాన వాటా ఇచ్చిన 1986 నాటి మన రాష్ట్ర సవరణ చట్టం వచ్చింది. అది రావలసిన చట్టం, ఆలస్యంగా వచ్చిన చట్టం. పంపకాలంటే పొలానికి గట్టు వేసినట్టు మండువాకు అడ్డంగా గోడ పెట్టడం మొదలైంది. నాలుగు వైపుల నీళ్లు పోవడానికి పెట్టిన తూము ఒక వాటాదారు వైపు ఉండిపోతుంది. రెండోవాడి నీళ్లు పోవు. వాన పడినప్పుడల్లా తగవు. ఆ కొత్త గోడ పడేసే భారాన్ని పాత పునాది మోయదు. చట్టం వాటా చెప్పింది, వాటా ఎలా పంచుకోవాలో నేర్పే పెద్దలు ఊళ్లో లేకపోయారు. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. లోగిలి మరమ్మతుకు ఆనుకున్న రాబడి అదే. ఆ ఏడు ఎగిరిన పెంకులు కొన్ని ఇళ్లకు మళ్లీ ఎక్కలేదు.

ఇదే కాలంలో పేటల్లో స్లాబు ఇళ్లు లేచాయి. కోనసీమ ఆడవాళ్లు కువైట్‌లోనూ దుబాయిలోనూ పనిచేసి పంపిన డబ్బుతో కట్టుకున్నవి. లోగిలి కూలుతున్నందుకు బాధపడేవాళ్లు ఆ స్లాబు ఇళ్లను చూసి సంతోషించడమూ నేర్చుకోవాలి. రచయిత్రి ఈ రెండింటినీ ఒకే పేజీలో పెట్టింది. ధైర్యం కావాలి.

ఇప్పుడు లోగిలికి మరో గిరాకీ వచ్చింది. సినిమా షూటింగులు, పర్యాటకుల బస, పట్నంలో రిసార్టులు కట్టేవాళ్లు. పాత ద్వారబంధాలు, స్తంభాలు లారీలకెక్కి పోతున్నాయి. నూరేళ్ల టేకు స్తంభానికి ఇచ్చే వెల ఇంటివాళ్లకు పెద్దగానే కనిపిస్తుంది. కొనేవాడికి అది అలంకారం. ఆ స్తంభం ఏ వాసాన్ని మోసేదో, ఏ కొలతకు నిలిచిందో ఎక్కడా రాసి ఉండదు. ఇల్లు నిలబెట్టుకోలేని వాళ్లను నేను తప్పుపట్టను. పెంకు నేయడం తెలిసినవాళ్లు కరువైన ఊళ్లో, ఒంటరిగా ఉన్న ముసలి దంపతులు పది గదుల కప్పును ఎలా కాపాడుకుంటారు? కొలతలు తీయకుండా కూల్చేయడాన్ని మాత్రం తప్పుపడతాను.

చిరంజీవి రచయిత్రికి నా ఆశీస్సులు. గోదావరి జిల్లాల చరిత్ర రాయబోయేవారెవరైనా ఇకమీద ఈ పుస్తకాన్ని దాటి పోలేరు.

పాఠకులకు నాదొక విన్నపం. మీ ఊళ్లో మీ తాతలదో, ఇంకెవరిదో పాత ఇల్లు ఇంకా నిలిచి ఉంటే, ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక టేపు, ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. గది గదికీ పొడవూ వెడల్పూ కొలిచి రాసుకోండి. ఏ గదిని ఏమని పిలిచేవారో ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడను అడగండి. ఆ పెరట్లో పనిచేసినవాళ్లు ఇంకా ఉంటే, పేటకు వెళ్లి వాళ్లను కూడా తప్పకుండా అడగండి. ఇల్లు నిలబెట్టే ఉద్దేశం ఉంటే, వానలు పడకముందే కప్పు నాలుగు మూలలూ చూపించండి.